పొట్టేలుతో ప్రొవోక్ పాఠం

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటే మీకు చాయ్ పొలమారుతది. మా ఏడో తరగతికి ఒక ఇంగ్లీష్ మాట జన్మల మర్చిపోకుండ నేర్పిన. ఎట్లనో వినండి.

నేను రోజూ పాల్వంచల బస్సెక్కి ములకలపల్లి అవతల అడవి పక్క బడికి పోత కదా. పోయిన నెల తనిఖీకొచ్చిన ఆఫీసర్ సారు, 'ప్రొవోక్' అన్న మాటతోని సొంతంగ ఒక వాక్యం చెప్పమని పిల్లలను అడిగిండు. "ప్రొవోక్ అంటే రెచ్చగొట్టుట" అని అందరు ఒకటే రాగం తీసిన్రు. వాక్యం మాత్రం ఒక్కరి నోట్లె నుంచి రాలే.

"షాహీన్ మేడం, మీరు బట్టీ పట్టిస్తున్నరు. మళ్లొస్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటే ఇంగ్లీష్ వేరే వాళ్లకిస్తం" అన్నడు సారు.

నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీష్ నాది. ఎవరికీ ఇచ్చేది లేదు.

నిన్న ఆయన మళ్లొస్తున్నడని కబురొచ్చింది. నోటితో చెప్తే ఎక్కుతలేదు, ఇగ చేసే చూపిస్త అనుకున్న. బడిల వంట చేసే మల్లక్క పొట్టేలు వంటగది పక్కన గుంజకు కట్టేసి ఉంటది. పిల్లలందరిని అక్కడికి తీసుకపోయిన.

"మేడం, దాని నుదుటి మీద చెయ్యి పెట్టకుండ్రి. చిన్నప్పటి సంది మా ఇంట్ల అందరు గట్ల నెట్టి నెట్టి దానికి ఢీ అలవాటు చేసిన్రు" అన్నది మల్లక్క.

నాకు కావాల్సింది అదే కదా. నుదుటి మీద అరచెయ్యి పెట్టి గట్టిగ నెట్టిన. "ఐ ప్రొవోక్ ద ర్యామ్" అనుకుంట తాడు అందనంత దూరం జరిగిన. పొట్టేలు నన్ను చూసుకుంటనే మెల్లగ వెనక్కి నడిచింది.

దీనికి కోపమే రాలే, భయపడ్డది అనుకున్న. కంపెనీ క్వార్టర్లల పెరిగినదాన్ని, పొట్టేలు వెనక్కి పోయేది ఉరికొచ్చేందుకేనని నాకేం ఎరుక? మళ్ల దగ్గరికి పోయి ఇంకా గట్టిగ నెట్టిన. అది ఇంకా వెనక్కి పోయింది. "మేడం, జరుగుండ్రి" అని పిల్లలు మొత్తుకుంటనే ఉన్నరు. నేను వాళ్ల దిక్కు తిరిగి, "సైలెన్స్. పాఠం నడుస్తున్నది" అన్న.

వెనక నుంచి ఒక్కటే గుద్దు. గంజి పారబోసిన బురదల బొక్కబోర్ల పడ్డ. తలెత్తితే ముంగట నల్లగ మెరిసే బూట్లు. ఆఫీసర్ సారు.

"ఏమైంది మేడం?"

నేను నోట్లె బురద ఊసేలోపే లచ్చిమి చెయ్యెత్తింది. "సర్, టీచర్ ప్రొవోక్డ్ ద ర్యామ్."

"టూ టైమ్స్ సర్" అన్నది పక్క పిల్ల.

"ద ర్యామ్ డిడ్ నాట్ ప్రొవోక్ టీచర్ సర్" అన్నడు రాజు, పొట్టేలు తరఫు వకీలు లెక్క.

సారు నవ్వు ఆపుకోలేక జేబురుమాలు అడ్డం పెట్టుకున్నడు. "పిల్లలకు మంచిగ వచ్చింది మేడం. ఇంగ్లీష్ మీరే చెప్పండి" అన్నడు.

పట్టుబట్టి నా క్లాస్ నేను నిలబెట్టుకున్న. మీరేమో ఇందాకటి నుంచి కుర్చీ జరిపి కూసో, కూసో అని పాణం తీస్తున్నరు. ఒక వారం దాకా నేను చాయ్ నిలబడే తాగుత.