రాళ్ళు పోయే తోవ

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో హయత్‌నగర్ అవతల మూతపడిన ఒక రాతి క్వారీ దగ్గర సైట్ ఇంజనీరుగా పనిచేశాను. మాది నేను పుట్టకముందే కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో రోజూ అదే మాట: బంద్ ఉందేమో కనుక్కుని కదులు.

క్వారీ వాళ్ళు మంచి రాయంతా పట్టుకుపోయి, పొడినీ రాతి ముక్కల్నీ గుట్టగా పోసి వదిలేశారు. వాన పడితే ఆ పొడి బురదై కింది పొలాల్లోకి దిగేది. గుట్ట చుట్టూ కాలువ తవ్వి, అది కోసుకుపోకుండా పెద్ద రాళ్ళు పరచి, నీళ్ళను వాగులోకి మళ్ళించాలి. తవ్వకం అయిపోయింది. రాళ్ళే రావడం లేదు. గట్టి రాయి బడంగ్‌పేట్ అవతలి నుంచి టిప్పర్లలో రావాలి. క్వారీ పాత రోడ్డు నిరుటి వానలకు తెగిపోయింది. మిగిలింది ఒక పెద్దావిడ ఇంటి పక్క నుంచి పోయే బండిదారి. క్వారీ లారీలూ అడ్డదారిగా దాన్నే వాడుకునేవి.

మబ్బులు కమ్ముతున్నాయి. ఇక ఆగలేక ఒకరోజు నేనే మొదటి టిప్పరెక్కి కూర్చున్నాను. వెనక ఇంకో రెండు. డ్రైవరు నల్గొండ వైపు మనిషి, నాన్న వయసు వాడు. ఎల్.బి. నగర్ చౌరస్తాలో రాస్తారోకో. ఒక కుర్రాడు కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు.

"గీ రాళ్ళు ఏడికి పోతున్నయ్?"

చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. మాట్లాడితే నా యాస బయటపడుతుంది. డ్రైవరే జవాబు చెప్పాడు.

"క్వారీ బురద పొలాలల్ల పడుతున్నది తమ్మీ. కాల్వ కడుతున్నరు."

"సరే, జరసేపు ఆగుండ్రి. ఎవ్వరు ఏమనరు."

జరసేపు అంటే మూడు గంటలు. నన్నెవరూ ఏమీ అనలేదు. అయినా ఆ మూడు గంటలూ కుదురుగా కూర్చోలేకపోయాను. పుట్టి పెరిగిన ఊళ్ళో నోరు మూసుకున్నందుకు సిగ్గేసింది కూడా.

సాయంత్రానికి సైటు దగ్గరికి చేరేసరికి ఆ పెద్దావిడ దారికి అడ్డంగా నులక మంచం వేసుకుని కూర్చుని ఉంది.

"రాళ్ళు ఎత్కపోయినప్పుడు గీ తోవనే. మళ్ళ తెచ్చేటప్పుడు గీ తోవనేనా?" అంది డ్రైవరుతో.

నేను దిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పని సంగతి వివరించాను. ఆమె అంతా విని, "ఆంధ్ర పిల్లవా?" అని అడిగింది.

"అవును పెద్దమ్మా."

"మరి గంత మెల్లగ చెప్తవేంది? నాకు చెవుడు లేదు."

డ్రైవరు నవ్వాపుకోలేకపోయాడు. నాకూ నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. లోపలికి తీసుకెళ్ళి గోడ చూపించింది. పైకప్పు నుంచి నేల దాకా చెయ్యి దూరేంత పగులు. ఇన్నేళ్ళ లారీల అదురు.

"మీ బండ్లు పోతే గిది నిలుస్తదా? నిజం చెప్పు."

"నిలవదు" అన్నాను. ఇంకేం చెప్పను? "ట్రాక్టర్లయితే అంత అదురు ఉండదు. పెద్ద రోడ్డు మీద రాళ్ళు దింపుకుని, కొంచెం కొంచెంగా తెచ్చుకుంటాం."

ఆమె బయటికి వచ్చింది. "ట్రాక్టరైతే పోనియ్యి. నెమ్మదిగ పోవాలె" అని మంచం పక్కకు లాగింది.

టిప్పరు ఒక్కసారి తెచ్చేదానికి ట్రాక్టరు నాలుగుసార్లు తిరగాలి. కాంట్రాక్టరు ఫోన్లో విసుక్కున్నాడు. పైన వాలు ఎక్కువని, కాలువ పై చివర నుంచి కిందికి రాళ్ళు పరుచుకుంటూ రమ్మన్నది నేనే. తొమ్మిది రోజులు అన్నం కూడా నిలబడే తిన్నాను. ఇంట్లో పడుకున్నా చెవులు వాన చప్పుడు మీదే ఉండేవి.

పదో రోజు మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. పై భాగం చెక్కుచెదరలేదు. రాళ్ళు పడని కింది చివరి ముక్కకు మాత్రం, ఆ పెద్దావిడ చేను పక్కనే గండి పడింది. తెల్లటి బురద మొలక జొన్న మీద పరుచుకుంది. దారిచ్చిన మనిషి చేనే మునిగింది. కింది నుంచి మొదలుపెట్టి ఉంటే అలా జరిగేది కాదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక తడుస్తూ వెళ్ళాను. ఆమె అప్పటికే పార పట్టుకుని గండికి మట్టి వేస్తోంది.

"పెద్దమ్మా, తప్పు నాది. ముందు ఈ పక్కనే పరవాల్సింది."

"గది తర్వాత సూద్దాం. మిగిలింది ఎప్పుడు పరుస్తరు?"

"వాన తగ్గగానే."

"అయితే ఇంకో పార తెచ్చుకో" అంది.

తెచ్చుకున్నాను. పెద్ద రోడ్డు మీద టిప్పరు ఆపి డ్రైవరు కూడా వచ్చి చెయ్యి వేశాడు. మరో ఆరు రోజులకి కాలువ వాగును చేరింది. ఆమె బురద గీకించి మళ్ళీ జొన్న చల్లింది. తర్వాతి వానకి నీళ్ళు రాళ్ళ మీదుగా గలగలా వాగులోకి దిగాయి. ఆమె గట్టుమీద నిలబడి ఒకసారి చూసి తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఎక్కడైనా రాయి కదులుతుందేమోనని, వాన పూర్తిగా వెలిసేదాకా కాలువ వెంట పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాను.