మావయ్యకు నప్పని లాప్‌టాప్

మా పక్క కొట్టు గడియారాల మావయ్య ఏ వస్తువు కొనాలన్నా, కొనే ముందు దుకాణంలోనే ఒక పూట దానితో కాపురం చేసి చూస్తాడు. అంతా చూసి, కొని, ఇంటికి మోసుకెళ్ళి, మూడో రోజున అది తనకు నప్పలేదంటాడు. ఆయన గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు. మిగతావన్నీ సాక్ష్యాలు.

మావయ్య అన్నది పిలుపే గాని చుట్టరికం కాదు. ఆయనది గడియారాల రిపేరు, నాది లాప్‌టాప్‌ల రిపేరు. రెండు కొట్ల మధ్య ఒక ప్లైవుడ్ గోడ. ఆయన అటు తుమ్మితే ఇటు నా స్క్రూలు ఎగిరిపోతాయి. నేను ఈ పని ఎక్కడా చదువుకోలేదు. పాడైనవాటిని విప్పి, ఇంకాస్త పాడుచేసి నేర్చుకున్నాను. సన్న స్క్రూడ్రైవర్‌ని వేళ్ళతో తిప్పాలి గాని మణికట్టుతో కాదని మొదట చెప్పింది ఆయనే. అందుకని ఆయన్ని చూసి నవ్వుకున్నా, పని దగ్గర మాత్రం నోరెత్తను. మా షాపింగ్ కాంప్లెక్సులో మిగతావాళ్ళంతా ఆయన్ని ‘ట్రయల్ మావయ్య’ అంటారు.

ఒకసారి పరుపు కొనడానికి వెళ్ళాడు. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని, గురక వచ్చేదాకా పడుకున్నాడు. దుకాణదారుకి భోజనానికి వెళ్ళాలి. మనిషిని లోపల పెట్టి తాళం వెయ్యలేడు.

“సార్, పరుపు బాగుందా?”

“ఉండవయ్యా, ఇంకా కల రాలేదు.”

కల వచ్చాక కొన్నాడు. మూడో రోజుకి ఆ పరుపు వాళ్ళ అక్కగారింట్లో ఉంది. “నాకు నప్పలేదు” అన్నాడు.

గొడుగు కొన్నప్పుడు దుకాణం మధ్యలో గొంతుక్కూర్చుని, గొడుగు తెరిచి, వీపు వైపు నుంచి చెంబుడు నీళ్ళు పొయ్యమన్నాడు. నిలబడి చూడొచ్చుగా అంటే, “వాన నిలబడ్డవాళ్ళ మీదే పడుతుందా?” అని గదమాయించాడు. ఆ గొడుగూ నప్పలేదు. కాంప్లెక్సు ముందు నేల మీద కూర్చుని పత్రికలు అమ్మే ఆవిడకి ఇచ్చేశాడు.

స్టూలు కొన్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. రెండేళ్ళ కిందటి మాట. దాని మీద కూర్చుని, ఒక కాలు కింది అడ్డకర్ర మీద పెట్టి, ముక్కు కౌంటరుకి నాలుగు వేళ్ళ దూరంలో ఉండేలా వంగి, పళ్ళ మధ్య పెన్ను కరుచుకుని, రెండున్నర గంటలు కదలకుండా ఉన్నాడు.

“ఎవరైనా అలా కూర్చుంటారా పెద్దాయనా?” అన్నాడు దుకాణదారు.

ఆయన పెన్ను తియ్యకుండానే ఏదో అన్నాడు. తిట్టో సమాధానమో తెలియలేదు.

మూడో రోజున ఆ స్టూలు నా కొట్టులోకి వచ్చింది. “నాకు నప్పలేదురా. అవతల పారెయ్యలేను. నువ్వే వాడుకో.” నా పాత ప్లాస్టిక్ కుర్చీకి అప్పటికే ఒక కాలు సొట్ట. సరేనని వేసుకున్నాను. రెండున్నర గంటలు కూర్చుని చూసి కూడా తప్పు స్టూలు ఎంచుకునే మనిషని ఆరునెలలపాటు అందరికీ చెప్పుకుని నవ్వాను.

ఇక లాప్‌టాప్ సంగతి.

ఒక శుక్రవారం పొద్దున మావయ్య కోడలు నా కొట్టుకి వచ్చింది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పని ఆమెకి. చేతిలో పాత లాప్‌టాప్, భుజం మీద నిద్రపోతున్న పసిపిల్ల. మూతని అడుగుభాగానికి కలిపే హింజ్ విరిగిపోయి, మూత ఒక పక్కకి వాలిపోయింది.

“అన్నయ్యా, సోమవారం నుంచి మళ్ళీ పనిలోకి వెళ్తున్నాను. ఇంటి నుంచే. మొదటి వారం ప్లాన్లు టైముకి ఇస్తేనే నా సీటు నాకుంటుంది. లేకపోతే సెలవులో నా బదులు చేసినావిడనే ఉంచేసుకుంటారట. ఇది సోమవారానికి అవుతుందా?”

“హింజ్ దొరకాలమ్మా. ఈ మోడల్ పాతది.”

“ఎలాగోలా నిలబెట్టి ఇవ్వు. వెనకాల పుస్తకాలు ఆనించుకుని సర్దుకుంటాను.”

మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి ఊగుతూనే ఉంది. పిల్లని చూస్తే అలా ఊగితేనే నిద్రపోయే రకంలా ఉంది. నేను మాత్రం హింజ్ చూశాను. ప్లైవుడ్ గోడ అవతల గడియారాలు తప్ప మనిషి అలికిడి లేదు.

శనివారం పొద్దున్నే మావయ్య నా కొట్టు ముందు నిలబడ్డాడు. చంకలో తువ్వాలు చుట్టిన గోధుమపిండి సంచి ఉంది.

“పదరా, నాకో లాప్‌టాప్ కొనాలి. మడత తిరిగేది. మంచిది.”

“మీకెందుకు మావయ్యా?”

“రోజువారీ పనికి.”

“మీ రోజువారీ పనికి కావలసింది భూతద్దం.”

“అదుందిగా.”

“మీ కోడలి మెషీన్ బల్ల మీద విప్పి పెట్టాను. సోమవారం పొద్దుటికల్లా ఇవ్వాలి.”

“హింజ్ దొరికిందా?”

“నాలుగు చోట్ల అడిగాను. లేదన్నారు. వచ్చే వారం రావచ్చు.”

“మరి ఇక్కడ కూర్చుని దాని మొహం చూస్తే మొలుస్తుందా? పద.”

కోడలి ఉద్యోగం దారం మీద వేలాడుతుంటే ఈయనకి మడత లాప్‌టాప్ సరదా పుట్టిందని మనసులో విసుక్కుంటూ కొట్టు మూశాను.

షోరూము తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు ఆపాడు. “సార్, సంచి ఇక్కడ పెట్టి వెళ్ళండి.”

“ఇది సంచి కాదు బాబూ, కొలత.”

“కొలతంటే?”

“అయిదు కిలోల ఆరువందల గ్రాములు. తూకం వేయించి మరీ తెచ్చాను.”

ఈ ముక్కకి రూలు ఎక్కడా లేనట్టుంది, గార్డు పక్కకి తప్పుకున్నాడు. మావయ్య అతని బూట్లకేసి ఒకసారి చూసి లోపలికి నడిచాడు.

సేల్స్ ఆవిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఓపికైన మనిషి. ఆ ఓపిక ఎంతసేపుంటుందో నాకు తెలుసు గనక జాలిపడ్డాను.

“ఏ పనికి సార్?”

“కూర్చుని చేసేది, నిలబడి చేసేది, అటూ ఇటూ నడుస్తూ చేసేది.”

“అయితే ఇది చూడండి సార్. మూత వెనక్కి పూర్తిగా తిరుగుతుంది. గుడారంలా నిలబెట్టుకోవచ్చు, పలకలా పట్టుకోవచ్చు...”

“ఎలాగైనా తిరగనీ అమ్మా. ఒంటిచేత్తో తెరుచుకుంటుందా?”

మావయ్య పిండి సంచిని ఎడమ భుజానికెత్తుకుని, కుడి చేత్తో మూత ఎత్తాడు. మూతతోపాటు మెషీన్ అంతా బల్ల మీంచి లేచింది.

“ఇది తెరుచుకోవట్లేదు, వెంటపడుతోంది. ఇంకోటి.”

రెండోది అద్దంలా మెరుస్తోంది. దాని పెన్ను పక్కన అయస్కాంతంతో అతుక్కుని ఉంటుందట. మావయ్య రెండడుగులు వేసి మోకాళ్ళు వంచి ఒకసారి ఊగాడు. పెన్ను కింద పడి దొర్లుకుంటూ వాషింగ్ మెషీన్ల వైపు వెళ్ళిపోయింది.

“ప్రతిసారీ వంగి వెతుక్కోవాలా? అవతలవాళ్ళు లేచిపోరూ?”

“అవతలవాళ్ళెవరు సార్?”

“నువ్వు ఇంకోటి చూపించమ్మా.”

మూడోదాని మీద ఏదో వీడియో పెట్టించి, గడియారానికి ఆనించినట్టు చెవి ఆనించాడు. లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. మావయ్య మొహం ముడుచుకుంది. “దీనికి ఆయాసం. గదిలో పనికిరాదు.”

నిజం చెప్పాలంటే, ఆయన అడిగేవి పిచ్చి ప్రశ్నలు కావు. నా దగ్గరికి రిపేరుకి వచ్చే మడత లాప్‌టాప్‌లలో సగం హింజ్ బిగువు సరిగా లేకే వస్తాయి. కొనేటప్పుడు జనం బొమ్మ ఎంత మెరుస్తోందో చూస్తారు. మూత కదలిక ఎలా ఉందో చూసినవాడు నాకు ఇంతవరకూ కనపడలేదు. కాకపోతే ఆ చూసేవాడు భుజాన పిండి సంచితో చూడాలా అన్నదే నా బాధ.

నాలుగోది బూడిదరంగుది. చూపుకి ఏమంత గొప్పగా లేదు. మావయ్య చిటికెనవేలితో మూత ఎత్తాడు. అడుగు కదల్లేదు. పెన్ను లోపలికి దూరి టక్కున కూర్చుంది. వెనక్కి మడిచి పలకలా పట్టుకున్నాడు. మీటలన్నీ అరచేతి కింద నలుగుతున్నా తెర మీద ఒక్క అక్షరం పడలేదు.

“మడిస్తే మీటలు వాటంతటవే పని మానేస్తాయి సార్” అంది ఆవిడ.

“బుద్ధిమంతురాలు” అన్నాడు మావయ్య, మెషీన్‌నే.

ఇక కాపురం మొదలైంది. దాన్ని గుడారంలా నిలబెట్టి, పెన్నుతో గీతలు గీస్తూ, సంచిని తడుతూ, రెండు ఫ్రిజ్‌ల మధ్య అటూ ఇటూ ఊగుతూ పచార్లు చేశాడు. తట్టినప్పుడల్లా సంచి మూతి నుంచి తెల్లటి పొగ లేచింది. పావుగంటలో నల్లటి మీటలన్నీ తెల్లబడ్డాయి. నాలుగు కుటుంబాలు కొనడం మానేసి చూస్తున్నాయి.

మేనేజర్ పరుగున వచ్చాడు. “ఏంటండీ ఇది? షోరూమనుకున్నారా, పిండిమరనుకున్నారా? ఈ మోడల్లో మిగిలింది ఈ ఒక్క పీసే! మీరు కొనేవాళ్ళేనా అసలు?”

“ఇంకా ముప్పావుగంట ఉంది బాబూ.”

“దేనికి ముప్పావుగంట?”

“మెలకువ రావడానికి.”

“ఎవరికి?”

మావయ్య సంచిని ఇంకాస్త దగ్గరగా హత్తుకున్నాడు. దొంగ దొరికిపోయిన మొహం పెట్టాడు. మేనేజర్ గార్డు కోసం చెయ్యెత్తాడు. అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న సేల్స్ ఆవిడ ముందుకొచ్చి, మావయ్య చేతిలోంచి సంచి అందుకుంది.

“బాబాయ్‌గారూ, అలా కాదు. భుజం మీద వేసుకుంటే చెయ్యి అరగంటకే పీకేస్తుంది. తల ఇటు మోచేతి వంపులోకి రావాలి. చూడండి. ఇప్పుడు కుడి చెయ్యి మొత్తం ఖాళీ.” సంచికి తువ్వాలు సర్ది ఆయన చేతుల్లో పెట్టింది. “ఎన్నో నెల?”

“మూడు నిండాయి” అన్నాడు మావయ్య గొణుగుతూ.

“ఎవరికి మూడు నిండాయి?” అన్నాడు మేనేజర్.

“మీరు కాసేపు ఆగండి సార్” అంది ఆవిడ.

అప్పటికి నా బుర్రలో దీపం వెలిగింది. శుక్రవారం నా కొట్టులో కోడలు నిలబడ్డ తీరు, ఆ ఊగడం, పిల్లని పట్టుకోగా మిగిలిన ఆ ఒక్క చెయ్యి. గోడ అవతలి మనిషి చూడకుండానే అదంతా చూశాడు. ఎదురుగా ఉన్న నేను విరిగిన ఇనప ముక్క చూశాను.

“మావయ్యా, అమ్మాయికేనని ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే తీసుకోదురా. ‘పాతదే సర్దుకుంటాను మావయ్యగారూ’ అంటుంది. సర్దుకోవడం అలవాటైనవాళ్ళకి కొనిపెట్టకూడదు. మనకి నప్పనిది ఇవ్వాలి. నువ్వు నోరు జారావంటే నీ స్క్రూలన్నీ కలిపేస్తాను.”

నేను జేబులోంచి బ్రష్ తీసి మీటల సందుల్లో పిండి దులిపాను. అడుగున చూస్తే హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లోకి కాక లోహంలోకే దిగి ఉన్నాయి. పనివాడు చేసిన పని. ఆ మాటే చెప్పాను. మావయ్య తలూపాడు గాని ముప్పావుగంటలో ఒక్క నిమిషం తగ్గించలేదు. అది పూర్తయ్యాక మేనేజర్ స్వయంగా ప్యాక్ చేసి ఇచ్చాడు. మావయ్యని త్వరగా పంపెయ్యడానికి అంతకన్నా మంచి దారి లేదు.

బయటికి వస్తూ మావయ్య గార్డు దగ్గర ఆగాడు. “పొద్దున్నుంచీ నిలబడే ఉంటావా?”

“రాత్రి తొమ్మిదిదాకా సార్” అన్నాడతను, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చుకుంటూ.

ఈసారి మూడు రోజులు ఆగడానికి వ్యవధి లేదు. ఆదివారం సాయంత్రానికే నప్పలేదు.

తరువాతి శనివారం కోడలు పాత మెషీన్ కోసం వచ్చింది. హింజ్ దొరికి బిగించి ఉంచాను. పిల్ల మోచేతి వంపులో నిద్రపోతోంది.

“దీన్ని ఇంక పిల్లల పాటలకి వాడుకుంటాను అన్నయ్యా. మావయ్యగారు కొన్నది ఆయనకి నప్పలేదట. ఒక్క రోజు వాడి, కళ్ళు లాగుతున్నాయని నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.”

“మరి ఆఫీసువాళ్ళు?”

“ఉంచుకున్నారు. గురువారం ఇచ్చిన ప్లాన్ మొత్తం ఒంటిచేత్తో గీశాను, నడుస్తూ.” వెళ్ళబోయి ఆగింది. “అన్నట్టు, ఒక సంగతి అర్థం కాలేదు. కొత్త లాప్‌టాప్ మీటల సందుల్లో గోధుమపిండి ఎక్కడి నుంచి వస్తుంది?”

నా బ్రష్ పనికి అంతకన్నా అవమానం లేదు. గోడ అవతల ఎవరో గట్టిగా దగ్గారు.

“ఫ్యాక్టరీలో పడుంటుందమ్మా” అన్నాను.

ఆమె గోడకేసి చూసి, నాకేసి చూసి, “అంతే అయ్యుంటుంది” అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

నేను పనిలోకి దిగాను. స్టూలు మీద కూర్చుని, ఒక కాలు అడ్డకర్ర మీద పెట్టి, ముక్కు బల్లకి ఆనేంతగా వంగి, అలవాటు ప్రకారం సన్న స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య కరుచుకుని, అక్కడే ఆగిపోయాను. రెండేళ్ళుగా నా నడుం నొప్పెట్టలేదన్న సంగతి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

గోడ మీద రెండు సార్లు తట్టాను.

“ఏంట్రా?” అన్నాడు అటు నుంచి.

“ఏం లేదు మావయ్యా. స్టూలు బాగుంది.”

“నాకు నప్పలేదు” అన్నాడు.

నిన్న చెప్పుల దుకాణం ఆయన కనిపించి మొర పెట్టుకున్నాడు. మావయ్య కొత్త బూట్లు తొడుక్కుని, ఒక్క అడుగైనా నడవకుండా, పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా దుకాణం గుమ్మంలోనే నిలబడ్డాడట. వచ్చిపోయేవాళ్ళకి తలుపు తీస్తూ, వాళ్ళ సంచులు పక్కన పెట్టిస్తూ.

“నడిచి చూడని మనిషికి బూట్లెందుకండీ?” అన్నాడాయన. “పైగా రెండు సైజులు పెద్దవి తీసుకున్నాడు.”

“ఏమో మరి” అన్నాను. రేపటికి మూడో రోజు.