పాయింటు వెనక పోయిన పన్నెండు గుంటలు

కొత్తగూడ అడవి అంచున ఉన్న మా తండాలో తుల్సీబాయి బడి గడప తొక్కలేదు. ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. కానీ చేను కొలవాలంటే అందరూ ఆమెనే పిలుస్తారు. ఆమె దగ్గర ముప్పై మూడు అడుగుల తాడు ఉంది. నాలుగు వైపులా తాడు పొడవుంటే గుంట, నలభై గుంటలైతే ఎకరం. ఈ లెక్కతోనే ఎన్నో హద్దు తగాదాలు తీర్చింది.

ఆమె పోడు చేను అటు పది తాళ్లు, ఇటు పది తాళ్లు. పది పదులు నూరు గుంటలు, అంటే రెండెకరాల ఇరవై గుంటలు. భర్త సోమ్లాతో కలిసి మొద్దులు పెకిలించి చదును చేసిన నేల. అతను పోయాక ఒక్కతే సాగు చేస్తోంది.

పట్టా కాగితంలో 2.20 అని వచ్చింది. రెండెకరాల ఇరవై అని చదివి వినిపించింది నేనే. మా దగ్గర అందరూ అలాగే రాస్తారు, అలాగే చదువుతారు.

వారానికి సర్వేయరు సంజయ్ వచ్చి ఒక వైపు హద్దురాళ్లను నలభై అడుగులు లోపలికి జరిపి పాతాడు. రాళ్ల అవతల దున్నితే కేసు అన్నాడు. ఆమె తాడు వేసి చూసింది. నూటికి పన్నెండు గుంటలు పోయాయి.

ఇద్దరం మండలాఫీసుకు పోయాం. ఆపరేటర్ రఘునాథ్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. కాగితంలో ఉన్నదే కంప్యూటర్‌లో ఉంది, ఇంకేం పంచాయితీ అన్నాడు.

"ఎకరంల సగమంటే ఎన్ని గుంటలు సారు?"

"ఇరవై."

"సగాన్ని నీ మిషిన్ల ఎట్ల రాస్తవ్?"

"పాయింట్ ఐదు."

"మరి నా సగం ఏది?"

అతను అప్పుడు తెర మీంచి కళ్లు తిప్పాడు. తర్వాత నవ్వాడు. "లెక్కల టీచర్‌వి గావాల్సింది అవ్వా నువ్వు. దరఖాస్తు పెట్టుకో. పైకి పంపుతం."

ఐదో తరగతి లెక్క ఇది. పాయింటు వెనక ఇరవై అంటే కంప్యూటర్‌కు నూరింట ఇరవై వంతులు, ఎకరంలో ఎనిమిదే గుంటలు. మా ఇరవై మాత్రం నలభైలో ఇరవై. జీతం తీసుకునేవాళ్లకు ఈ తేడా తెలియదా? మా తండాలోనే పూల్‌సింగ్‌కు 3.30 రాశారు, పద్దెనిమిది గుంటలు పోయాయి. భాగ్యకు 1.10, ఆరు పోయాయి. ఈ తప్పుతో ఎవరికీ గుంట కూడా పెరగదు, తరగడమే. అయినా ఎవరి దరఖాస్తు వాళ్లే పెట్టుకోవాలట.

తొలకరి పడింది. జవాబు రాలేదు. తుల్సీబాయి రాళ్లు దాటి పాత హద్దు దాకా మక్కలు వేసింది. సంజయ్ బండి మీద వచ్చి, కేసు రాస్తానని గట్టు మీద నిలబడ్డాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "రాయి సారు. నేను ఎన్ని గుంటలు ఎక్కువ దున్నిన్నో గది గూడ రాయి. పన్నెండని నీ చేత్తోని రాయి. నీ ఎనభై ఎనిమిదికి గవి కలిపితే నా నూరైతది."

సంజయ్ పెన్ను తీయలేదు. రాళ్లూ తీయలేదు.