బుట్టతో సహా

బర్మాలో మేముండే సంచౌంగ్ పేట సంతలో స్ట్రాబెర్రీలు అమ్మే ఆమె పళ్లను నా సంచిలోకి వంచకుండా, వెదురు బుట్టనే నా చేతిలో పెట్టింది. ప్రమాదం దగ్గరికి వచ్చేసిందని నాకు మొదట తెలిసింది అప్పుడే.

కొండ ఊళ్ల నుంచి రాత్రి బస్సులో పళ్లు తెచ్చుకునేవాళ్లు బుట్టలు ఎవరికీ ఇవ్వరు. అవి మళ్లీ కొండెక్కాలి, మళ్లీ నిండి రావాలి. పెళ్లై ఈ పేటకు వచ్చినప్పటి నుంచి, ఎండలు మొదలయ్యే నెలల్లో ఆమె దగ్గరే కొంటున్నాను. పళ్లు వంచుతుంది, కొసరుగా రెండు వేస్తుంది, ఖాళీ బుట్టను వెనక్కి విసురుతుంది. ఆ రోజు బేరమూ లేదు, కొసరూ లేదు. పక్కన గోంగూర కట్టలవాళ్లు అప్పటికే తడి గోనెలు కప్పేస్తున్నారు.

"వెనక సందులోంచి పో చెల్లీ," అంది బర్మీస్‌లో. మరి బుట్ట అన్నాను. "రేపు తెద్దువులే," అంది, నా వైపు చూడకుండా.

పిల్లలిద్దరూ ఇంట్లో అత్తగారి దగ్గరున్నారు. సైన్యం గద్దెనెక్కినప్పటి నుంచి పెద్దదానికి బడి లేదు, చిన్నవాడికి వీధిలో ఆట లేదు. నెట్ ఆపేశాక కార్టూన్లూ పోయాయి. స్ట్రాబెర్రీలు తెస్తానన్న ఒక్క మాటైనా నిలబెట్టుకుందామని బయల్దేరాను. వాళ్లు పడుకున్నాక ఇది రాస్తుంటే, అంత చిన్న కారణానికి వెళ్లానా అనిపిస్తోంది.

సందు సగం దాటేసరికి పెద్దరోడ్డు మీద సైన్యం లారీలు ఆగిన చప్పుడు. ఒక ముసలామె ఇనుప తలుపు తీసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. మెట్ల కింద, నిరసన ఊరేగింపు నుంచి తప్పించుకొచ్చిన కాలేజీ వయసువాళ్లు ఐదుగురు, చెప్పులు చేత్తో పట్టుకుని నక్కి ఉన్నారు. బయట బూట్ల చప్పుడు. ఇంటికి ఫోన్ చేయబోతే ముసలామె వద్దని తల ఊపింది. నేను చేరకపోతే పిల్లలకు ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు? అదొక్కటే బుర్రలో తిరిగింది.

గంట గడిచింది. ఒకమ్మాయికి కళ్లు తిరుగుతున్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదట. ఇంట్లో వేయించిన శనగలే ఉన్నాయని ముసలామె గుసగుసగా చెప్పి, నా బుట్ట వంక చూసింది.

"చప్పుడు కాకుండా తినగలిగేది ఇదొక్కటే," అంది.

నవ్వు ఆపుకోవడానికి అందరం నోళ్లు మూసుకున్నాం. నేను మొదట గుప్పెడే ఇచ్చాను. మిగతావి పిల్లలకని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. తరవాత ఎప్పుడో బుట్టనే ముందుకు జరిపాను.

చీకటి పడకముందే లారీలు వెళ్లిపోయాయి. ఇంటికి చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఏటైపోనావమ్మా? పిల్లలు మెతుకు ముట్టనేదు."

బుట్ట అడుగున నలిగిన నాలుగు పళ్లు చూసి, బుట్ట అందుకుని లోపలికి నడిచారు.

మర్నాడు పొద్దున చూస్తే పెద్దది ఆ బుట్టలో రంగు పెన్సిళ్లు సర్దుకుంటోంది. పళ్లన్నీ ఏమయ్యాయని అడిగింది. ఆకలేసిన అక్కలూ అన్నలూ తిన్నారని చెప్పాను. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని పెన్సిళ్లు బయటికి తీశాను.

"బుట్ట మనది కాదమ్మా. కడిగి ఎండలో పెడదాం. పళ్లమ్మే ఆమె మళ్లీ సంతకు ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు. వచ్చినప్పుడు మీరిద్దరే ఇద్దురుగాని. అప్పటిదాకా ఇందులో ఏమీ వెయ్యకండి."