పన్నెండు ముగింపులు

వీడియో ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. ఎలా ముగించాలో చెప్పేవాళ్ళు మాత్రం కనపడరు. ఆ ముగింపు పని నాది. తిరువూరులో మెయిన్ రోడ్డు వెనక సందులో, మేడమీద గదిలో కంప్యూటరు ముందు కూర్చుని కొన్నేళ్ళుగా అదే చేస్తున్నాను. అంతకుముందు ఒక స్టూడియోలో ఫ్లెక్సీలు డిజైన్ చేసేదాన్ని. పుట్టినరోజు ఫ్లెక్సీకి వాడిన ఫొటోనే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకీ వాడిన సందర్భాలున్నాయి. పోయినవాళ్ళ ముఖాలు చూస్తే నాకేం కాదని అప్పట్లో ఒక ధీమా ఉండేది. ఆ ధీమా ఆపా దగ్గర పోయింది.

వీడియో చివరి ఇరవై సెకన్లలో తెరమీద రెండు డబ్బాలు, ఒక గుండ్రం వస్తాయి చూశారా, వాటిని ఎండ్ స్క్రీన్ అంటారు. ఒక డబ్బాలో తర్వాత చూడాల్సిన వీడియో ఉంటుంది, ఇంకోదాంట్లో పాతదేదైనా ఉంటుంది, గుండ్రం నొక్కితే సబ్‌స్క్రయిబ్. చాలామంది ఏం చేస్తారంటే, మాట అయిపోగానే నల్లతెర వేసి, ధన్యవాదాలు అని రాసి, చుట్టూ నాలుగు పూలు పెట్టి, దానిమీద డబ్బాలు అంటిస్తారు. ధన్యవాదాలు అని కనపడిందా, చూసేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. వాళ్ళకి మీరే తలుపు తీసి పట్టుకున్నట్టు. నేను అలా చెయ్యను. మనిషిని తెరమీదే ఉంచుతాను. ఒక పక్కకి కూర్చోబెట్టి, రెండో పక్క ఖాళీ వదిలి, చివరి మాట అనిపించి, ఆ ఖాళీ వైపు చూడమంటాను. చూసి, చిన్నగా నవ్వి, ఇరవై సెకన్లు అలాగే ఉండాలి. తెరమీద మనిషి ఎటు చూస్తే చూసేవాళ్ళ కళ్ళు అటే పోతాయి. అక్కడ డబ్బా ఉంటుంది. వేలు దానంతటదే నొక్కేస్తుంది. ఇది నేను సొంతంగా కనిపెట్టిందేమీ కాదు కానీ, తిరువూరులో నాకంటే బాగా చేసేవాళ్ళు లేరని మాత్రం చెప్పగలను.

ఆపా అంటే మా ఇళ్ళల్లో అక్క. రక్తసంబంధం లేదు, పక్క మేడ. మా కిటికీలోంచి చూస్తే ఆవిడ కుట్టు మిషను కనపడుతుంది. నెమలి, వినగడప లాంటి పక్క ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు ఆటో కట్టించుకుని ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు. ఆవిడ కుట్టిన చెయ్యి చంక దగ్గర పట్టేయదు, వదులవదు. ఆవిడ చేత జాకెట్టు పాఠాల ఛానల్ పెట్టించింది నేనే. "నా ముఖం ఎవరు చూస్తారే" అని నెలరోజులు తప్పించుకుంది. ముఖం అక్కర్లేదు, చేతులు చాలు అని ఒప్పించాను. కెమెరా పైనుంచి బల్లమీదికి చూస్తుంది. బట్ట, టేపు, సుద్దముక్క, కత్తెర, ఆవిడ రెండు చేతులు. ముఖం కనపడేది చివర్లో, ఆ ఇరవై సెకన్లు మాత్రమే. మొత్తం పన్నెండు పాఠాలని అనుకున్నాం. కొలతలు తీయడంతో మొదలై, తొడిగి చూసుకుని తేడాలు సరిచేసుకోవడంతో అయిపోతుంది.

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. ఆవిడ గదిలో ముఖం మీదికి మంచి వెలుతురు ఉండేది పొద్దున గంటసేపే. చేతులు ఎప్పుడైనా తీసుకోవచ్చు. కాబట్టి పన్నెండు ముగింపులూ ఒక్క రోజే తీసేస్తే? ఒక్కోదానికి ఒక్కో ఓణీ మారిస్తే సరిపోతుంది. పాఠాలు తర్వాత నింపాదిగా వారానికొకటి చేసుకోవచ్చు.

ఆపా ఒప్పుకోలేదు. "కుట్టని జాకెట్టుని కుట్టేశానని ఎట్లా చెప్పనే?"

"కుడతావుగా ఆపా. వచ్చేవారం కుట్టేది ఈ వారం చెప్తున్నావు, అంతే."

"వచ్చేవారం సంగతి నీకెట్లా తెలుసు?"

చివరికి ఒప్పుకుంది, నా పోరు పడలేక. మా ఇళ్ళల్లో రేపు చేసే పని గురించి చెప్తే చివర ఇన్షా అల్లా అంటాం. కూరగాయలకి వెళ్ళొస్తానన్నా అంటాం, నేనూ అంటాను. ఆపా కూడా అలాగే చెప్పింది: "ఇదమ్మా ఈ రోజు పాఠం. వచ్చే పాఠంలో చేతులు ఎక్కిద్దాం, ఇన్షా అల్లా." నేను మధ్యలో అడ్డుకున్నాను. ఆ ఒక్క మాట వద్దన్నాను. 'చేతులు ఎక్కిద్దాం' అనగానే చూపు పక్కకి పోవాలి, అదే క్షణంలో డబ్బా రావాలి. మధ్యలో ఇంకో మాటొస్తే ఆ ఊపు పోతుంది. పైగా 'ఎక్కిద్దాం, దేవుడు తలిస్తే' అంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది, ఆ పాఠం అసలు ఉందా లేదా అని. ఇదంతా నేను ఆవిడకి పాఠంలా చెప్పాను. మా అమ్మ బతికుండి వింటే చెంప పగలగొట్టేది. ఆపా మాత్రం నా వంక ఒకసారి చూసి, సరేలే అంది.

ఎడిటింగులో కూర్చున్నప్పుడు కనపడింది. మాట అయ్యాక, పక్కకి తిరిగి, నవ్వుతూ కూర్చున్న ఆ ఇరవై సెకన్లలో ఆవిడ పెదాలు కొంచెం కదులుతున్నాయి. పైకి అనొద్దన్న మాట లోపల అనుకుంటోంది. నేను చూసిన ప్రతి ముగింపులోనూ అంతే. చూసేవాళ్ళ ధ్యాస పెదాల మీదికి పోతుందని నేను ఒక ఫ్రేము దగ్గర ఆవిడని ఆపేశాను. మొదటి ఏడు పాఠాల చివరా మీకు కనపడేది కదలని ఆపా. నవ్వు ఉంటుంది, చూపు ఉంటుంది, ఊపిరి ఉండదు.

ఏడో పాఠం పెట్టిన వారంలోనే ఆపా పోయింది. మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డంతా నిండిపోయే రోజులు. పొద్దున గుండెల్లో నొప్పన్నది, విజయవాడ తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. ఏడో పాఠం చివర్లో ఆవిడ 'వచ్చే పాఠంలో చేతులు కత్తిరిద్దాం' అని పక్కకి చూస్తూనే ఉంది. ఎనిమిదో పాఠం లేదు కాబట్టి ఆ పక్కన డబ్బా పెట్టలేదు. నేను ఏ ఖాళీ వైపైతే చూడమన్నానో అది ఖాళీగానే మిగిలిపోయింది.

నా కంప్యూటర్లో ఇంకా ఐదు ముగింపులున్నాయి. చెప్పని ఐదు పాఠాలు చెప్పేశానంటున్న ఆపా. ఆ ఫోల్డరు పేరు కనపడితే చాలు, మౌస్ మీద చెయ్యి తీసేసేదాన్ని. వేరేవాళ్ళ వీడియోలు చేస్తున్నా అదే. పత్తి పురుగు మందుల గురించి చెప్పే ఒక రైతు వీడియోకి చివర ఖాళీ వదిలి చూస్తే, ఆ ఖాళీలో ఎవరో కూర్చుని లేచిపోయినట్టు అనిపించేది. భయమేసింది. పట్టపగలు, కింద విజయవాడ బస్సు హారన్లు వినపడుతుండగా భయమేసింది. ఆవిడని ఇన్షా అల్లా అననివ్వనిది నేనే అన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పోవడానికి అది కారణం కాదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమీ తేలికవలేదు.

నలభయ్యో రోజు అయ్యాక ఆపా కూతురు నా గదికి వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, నన్ను ఖాలా అంటుంది, అంటే పిన్ని వరస. తల్లి దగ్గరే పని నేర్చుకుంది. వస్తూనే రెండు చేతులూ నా బల్లమీద పెట్టింది. తల్లి గాజులు వేసుకుని ఉంది.

"చేతుల పాఠం ఎప్పుడని అందరూ అడుగుతున్నారు ఖాలా. నేను చేస్తాను. పైనుంచి చేతులేగా కనపడేది. చివర అమ్మీది పెట్టు."

వద్దనాల్సింది. అనలేదు. నిజం చెప్పాలంటే, ఆ చేతులు చూడగానే నా పనితనం మేలుకుంది. అవే పొట్టి వేళ్ళు, సుద్దముక్క పట్టుకునే తీరు కూడా అదే. అతుకు కనపడకుండా చెయ్యొచ్చు అనుకున్నాను. మాటలు అక్కర్లేదు, బట్టమీద కొలతలు రాసి చూపిస్తే చాలు. ఎనిమిదో పాఠం అలా తయారైంది. "ఈసారి ఫొటోలా ఆపకు ఖాలా, కదిలేది పెట్టు" అంది. పెట్టాను. పెదాలు కదిలాయి. ఆ పిల్ల తెరకి దగ్గరగా జరిగి, తల్లి పెదాలతో పాటే ఇన్షా అల్లా అని పైకి అంది.

వీడియో బాగా ఆడింది. కింద ఎవరో రాశారు: 'మేడమ్ బాగున్నారా? చాలా రోజులకి కనిపించారు.' సాయంత్రానికి జవాబు వచ్చి ఉంది: 'బాగున్నానమ్మా. ఒంట్లో బాగోక ఆలస్యమైంది.' ఛానల్ జవాబులు రాసేది ఆ పిల్లే. నేను చూశాను, ఏమీ అనలేదు. తర్వాతి పాఠం కింద ఇంకొందరు అడిగారు, వాళ్ళకీ అదే జవాబు. ఒకావిడకైతే 'మీ అమ్మాయికి పెళ్ళి కుదిరిందా' అని ఎదురు కుశలం అడిగింది. మధ్యాహ్నాలు పక్క మేడ నుంచి మిషను చప్పుడు వచ్చేది. కాసేపు ఆగి, రెండు కుట్లు వేసి, మళ్ళీ ఆగి, అచ్చం ఆపా తొక్కినట్టే. కిటికీ మూసుకునేదాన్ని.

ఎనిమిది, తొమ్మిది వారం తేడాతో అయ్యాయి. పదోదానికి నెల పట్టింది. హుక్కులూ కాజాల పాఠం పదకొండోది, దానికి రెండు నెలలు. కాజా కుట్టడం ఆ పిల్లకి కళ్ళు మూసుకుని వచ్చు. ఎందుకింత ఆలస్యమని అడిగితే తల వంచుకుంది.

"తొందరగా చేస్తే అయిపోతుంది కదా ఖాలా. ఇంక ఒక్క అమ్మీయే ఉంది."

ఒక్కో పాఠానికి ఒక్కో తల్లిని ఖర్చు పెడుతోంది. పిల్ల పొదుపు చేసుకుంటోందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

పదకొండోది పెట్టాక ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని వచ్చింది. "అమ్మీ గొంతు దీంట్లో చాలా ఉంది. వాయిస్ మెసేజ్‌లన్నీ దాచుకున్నాను. గొంతు ఇస్తే ఏ మాటైనా అనిపించే యాప్‌లు వచ్చాయంటగా. నువ్వు చెయ్యగలవు. చుడీదార్ల పాఠాలు మొదలుపెడదాం, ఇంకో పన్నెండు. పన్నెండో ముగింపు మాత్రం వాడొద్దు, దాన్ని అట్లాగే ఉండనీ."

చెయ్యగలను. ఎంత బాగా చెయ్యగలనో కూడా తెలుసు. ఆపా పెదాలు నాకు కావలసిన మాటకి కదులుతాయి, నేను ఆపమన్న చోట ఆగుతాయి. ఆవిడ బతికుండగానే నేను చేసింది అదేగా. ఈ పిల్ల ఇంకో పన్నెండు వారాలు, ఆ తర్వాత ఇంకో పన్నెండు, తల్లి పేరు మీద బాగున్నానమ్మా అని జవాబులు రాస్తూ ఆ గదిలో కూర్చుంటుంది. ఆపా చెయ్యి ఆడుతూనే ఉంటుంది, ఈ పిల్ల మాత్రం ఎవరికీ కనపడదు.

"కూర్చో," అన్నాను. "పన్నెండోది నువ్వు చూడలేదు. నేనే చూపించలేదు."

చూపించకపోవడానికి కారణం చెప్పాను. అది పనికిరాదని నేను ఆ రోజే పక్కన పడేశాను. పన్నెండు తర్వాత పాఠం లేదు కాబట్టి, మొదటి పాఠానికి వెళ్ళి మళ్ళీ చూడండి అని చెప్పమన్నాను. చూసేవాళ్ళని బయటికి పంపకూడదు, ఛానల్లోనే తిప్పుతూ ఉండాలి, అది మా పనిలో మొదటి సూత్రం. ఆపా చెప్పమన్నది చెప్పలేదు. నేను విసుక్కున్నాను, ఇంకోసారి తీద్దామన్నాను. తియ్యలేదు. ఇదంతా చెప్పి బటన్ నొక్కాను.

ఆపా ఆకుపచ్చ ఓణీలో ఉంది. పొద్దుటి నుంచీ కూర్చుని అలిసిపోయింది, నుదుటి మీద చెమట. సూటిగా మమ్మల్నే చూసింది.

"పన్నెండు పాఠాలూ అయిపోయాయమ్మా. ఇంక నా వీడియోలు చూస్తూ కూర్చోకండి. చూస్తే చెయ్యి రాదు. మొదటి జాకెట్టు పాడవుతుంది, పాడవనివ్వండి. మీ బట్ట మీరే కత్తిరించుకోండి."

అని, స్టూలు మీంచి లేచి, తెరలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. ఖాళీ స్టూలు, వెనక గోడ. నా గొంతు వినపడింది, ఎంత చిరాకు ఆ గొంతులో: "ఆపా! ఇంకా ఇరవై సెకన్లు కూర్చోవాలి!"

వంటింటి వైపు నుంచి ఆవిడ గొంతు: "చెప్పేశాగా, ఇంకెందుకే కూర్చోవడం? రా, అన్నం పెడతా."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వి, అదే ఊపులో బల్లమీద తలపెట్టి ఏడ్చింది. ఆ గాజుల చేతులు నా చేతుల్లోకి తీసుకుని నేనూ ఏడ్చాను. ఇన్షా అల్లా అనొద్దన్నది నేనేనని అప్పుడు చెప్పాను. "అమ్మీ చెప్పింది," అంది తల ఎత్తకుండా. "నిన్ను తిట్టుకుంటూనే చెప్పింది."

చాలాసేపటికి లేచి ముఖం కడుక్కుంది. గొంతు యాప్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఫోను తీసి ఛానల్ తెరిచి, ఎనిమిదో పాఠం కింద మొదటి జవాబు దగ్గరికి వెళ్ళింది. 'బాగున్నానమ్మా' అన్నదాన్ని చెరిపేసి, ఆ చోట మెల్లగా టైపు చేసి నాకు చూపించింది.

'అమ్మీ చనిపోయింది. ఏడో పాఠం దాకా అమ్మీ చేతులు. తర్వాతవి నావి.'