మస్తానన్న ఎడమ చెవి

మస్తానన్న పెన్ను గట్టిగా ఒత్తి రాసేవాడు. ఆయన రాసిన కాగితాన్ని వెనక్కి తిప్పి తడిమితే ప్రతి అక్షరమూ వేలికి తగులుతుంది. ఈరోజు సోమవారం కాబట్టి పొద్దున్నే ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితం తీశాను. ఆ గరుకు తగలగానే ఎప్పటిలాగే భయమేసింది. సౌదీ నుంచి వచ్చేసి ఆరేళ్లయినా ఆ భయం నన్ను వదల్లేదు.

అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా వైపు ఒక ఇంట్లో నేను పనిమనిషిని, మస్తానన్న డ్రైవరు. నాది రాజంపేట పక్క పల్లె, ఆయనది కడప. పట్టాళంలో హవల్దారుగా చేసి రిటైరై వచ్చిన మనిషి. ఎడమ చెవి బొత్తిగా వినపడదు. ఆ పక్కనుంచి పిలిస్తే పలకడు. అది పొగరనుకుని మొదటి ఆర్నెల్లు నేను ఆయనతో మాట్లాడనే లేదు, నా తెలివి అంత.

రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లాను. నాలుగో ఏడు నడుస్తున్నా ఇంటికి పంపలేదు. యజమాని తల్లి మంచాన పడి ఉండేది, నేను తినిపిస్తే తప్ప ముద్ద మింగేది కాదు. కఫీల్, అంటే ఆ యజమాని, ఎప్పుడడిగినా వచ్చే నెల అనేవాడు. ఆయన ఖురూజ్ కాగితం ఇస్తే తప్ప నేను దేశం దాటలేను. మొగుడు పోయాక, నాలుగేళ్ల కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చినదాన్ని. ఏడేళ్లు నిండేసరికి అది ఫోనుకు రావడం మానేసింది. "ఆడుకుంటాండాది మే" అని అక్క సర్దిచెప్పేది. వెనకనుంచి "నేను రాను పో" అన్న దాని గొంతు నాకు వినపడుతూనే ఉండేది. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే నా బిడ్డ నాకు దక్కదని తెలిసిపోయింది.

ఒక శుక్రవారం మేడమ్, అంటే కఫీల్ భార్య, బజారులోకి వెళ్లినప్పుడు, కారులో కూర్చుని మస్తానన్న నాకు అర్జీ రాసిపెట్టాడు. "ఒక్కరికే రాయాల, మీ ఎంపీకి," అన్నాడు. "పదిమందికి పంపితే ఒగరి మీద ఒగరు యేసుకుంటారు. మీ అక్క పోయి నిలబడే వాకిలి ఒగటి ఉండాల."

"కొడతాండారని రాయన్నా, తొందరగా కదుల్తాది," అన్నాను.

పెన్ను ఆగింది. "కొట్నారా?"

"లేదు."

"మరెట్ల రాసేది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నా బిడ్డ పోతాంటే నీకు నీతులా అన్నా? నీకేం, రాసేది నువ్వు, పడేది నేను."

ఆయన కోప్పడలేదు. తన చెవి సంగతి చెప్పాడు. అది పట్టాళంలో కాల్పుల సాధన చేస్తుంటే పోయింది. పుట్టుకతోనే లోపమని రికార్డులో రాసి, చెవి పోయినందుకు రావాల్సిన పింఛను ఇవ్వలేదు. సరిహద్దులో పోయిందని రాసిస్తే పని చేసిపెడతానన్నాడట ఒక దళారి. ఈయన సాధనలో పోయిందనే రాశాడు. ఆ అర్జీ పదకొండేళ్లుగా తిరుగుతూనే ఉంది. పిచ్చి మనిషి అనుకున్నాను, పైకే అన్నాను కూడా. చివరికి ఐదు వరుసల అర్జీలో కొట్టిన మాట లేకుండానే సంతకం పెట్టి అక్కకు పంపాను.

అక్క ప్రతి సోమవారం వెళ్లి ఎంపీ ఆఫీసు వాకిట్లో నిలబడింది. ఎంపీ ఢిల్లీకి ఉత్తరం రాశాడని మూడో నెలలో తెలిసింది. ఆ కబురుతో పాటే అక్క ఇంకో మాట చెప్పింది. "కొడతాండారని ఒక్క మాట చెప్పమన్యాడు మే ఆఫీసాయన. ఎంబసీవాళ్లు అడిగితే అట్లే చెప్పు."

వారం తిరక్కుండా, ఒక సాయంత్రం కఫీల్ మమ్మల్నిద్దర్నీ ముందు గదికి పిలిచాడు. ఫోను బల్లమీద ఉంది. అవతల ఎంబసీ అధికారి. కఫీల్ మొహం ఎర్రబడి ఉంది, మేడమ్ నావైపు చూడడం లేదు.

"భయపడకండమ్మా," అన్నాడు అధికారి హిందీలో. "మిమ్మల్ని కొడుతున్నారా?"

ఒక్క మాట. అవునంటే రేపే విమానం ఎక్కుతానేమో. మస్తానన్న వైపు చూశాను. ఆయన తన ఎడమ చెవి నావైపు ఉండేలా తిరిగి నిలబడ్డాడు. నేను ఏం చెప్పినా తనకు వినపడకూడదని అలా నిలబడ్డాడు. నిర్ణయం నాకే వదిలేశాడని అర్థమై ఏడుపొచ్చింది.

"లేదు సార్," అన్నాను నాకొచ్చిన హిందీలో. "కొట్టలేదు. అన్నం పెట్నారు. నా ఒప్పందం అయిపోయింది. నా బిడ్డ నన్ను మర్చిపోతాంది. ఇంటికి పోవాల."

ఏమందని కఫీల్ అడిగాడు. మస్తానన్న అప్పుడు కుడి చెవి తిప్పి, "మళ్లీ చెప్పు మే" అన్నాడు. చెప్పాను. ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా అరబ్బీలో అప్పజెప్పాడు.

"అర్జీ ఎవరు రాశారు?" అని అడిగాడు కఫీల్.

"నేనే," అన్నాడు మస్తానన్న. ఆయన ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. మేడమ్ కఫీల్ చెవిలో ఏదో చెప్పింది. ముసలామె పేరొక్కటే నాకు వినపడింది, ఇన్నేళ్లు ఆమెకు ముద్ద తినిపించింది నేనేనని గుర్తుచేసిందేమో. పదో రోజున ఖురూజ్ వచ్చింది. మస్తానన్నతో మాత్రం కఫీల్ నెల రోజులు మాట్లాడలేదట.

దమ్మామ్ విమానాశ్రయంలో పెట్టె దించి, మస్తానన్న జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. అది ఆయన సొంత అర్జీ. "నా తరపున వాకిట్లో నిలబడేవాళ్లు యెవురూ లేరు మే," అన్నాడు.

పోయిన ఏడాది మస్తానన్న ఖోబర్‌లోనే పోయాడు. జవాబు ఇంకా రాలేదు. ఆ కాగితంతో ఎంపీ ఆఫీసుకు పోయే సోమవారాలు నేను మానలేదు. ఈరోజు నా కూతురు కూడా నాతో వచ్చింది. ఆఫీసాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "మనిషే లేడు, ఇంకెందుకమ్మా? ఆ రోజే సరిహద్దు అని రాసుంటే ఎప్పుడో అయిపోయేది," అన్నాడు.

"సరిహద్దులో పోలేదు సార్," అని చెప్పి, వచ్చే సోమవారం ఎన్ని గంటలకు రావాలో అడిగాను.