బల్ల దగ్గర చేయి చాపని మోజెస్

మా తమ్ముడు మోజెస్ చిల్లకల్లు నుంచి రోజూ బస్సెక్కి నందిగామ వెళ్లి డిగ్రీ చదువుకుంటున్నాడు. మా నాన్న తాగుడుతోనే పోయాడు. అందుకని బాప్తిస్మం తీసుకున్న రోజున, జన్మలో చుక్క ముట్టనని అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు వీడు. మా అమ్మ ప్రేమకుమారి అంగన్‌వాడీ టీచరు. ఆ ఒక్క మాట మీదే ఆవిడ ప్రాణం నిలబెట్టుకుంది.

మోజెస్‌కి అవినాష్ అంటే ప్రాణం. జగ్గయ్యపేటలో బట్టల కొట్టున్న కోమట్ల పిల్లాడు. వాళ్లమ్మకి ఏదో ఒక అబద్ధం చెప్పి వచ్చి, మా ఇంట్లో కోడికూర తిని పోయేవాడు. అప్పుడు ముద్దొచ్చి నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

మొన్న శనివారం అవినాష్ పుట్టినరోజని స్నేహితులంతా వేదాద్రి దారిలో ఒక మామిడితోటలో చేరారు. మధ్యలో సీసా పెట్టి తిప్పుతారట. మూతి ఎవరి వైపు ఆగితే వాడు గ్లాసు ఖాళీ చెయ్యాలి. కూల్‌డ్రింకయితేనే ఆడతానన్నాడు మోజెస్.

"నీ గ్లాసు నేనే పోస్తాలేరా. నామీద నమ్మకం లేదా?" అన్నాడు అవినాష్.

కూల్‌డ్రింకే పోశాడు, వోడ్కా కలిపి. మోజెస్ కక్కుకుంటుంటే పడీ పడీ నవ్వాడట. ఆ గుంపులోనే ఉన్న రవితేజ సిగ్గుపడి తర్వాత నాకిదంతా చెప్పాడు.

మర్నాడు చర్చిలో బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. తప్పు చేసినవాళ్లు వాటిని ముట్టుకోకూడదు. తెలియక తాగినదానికి దేవుడేం లెక్క అడుగుతాడు? కానీ మా పిచ్చి సన్నాసికి మనసొప్పలేదు. పళ్లెం తన దగ్గరకు రాగానే చేయి చాపకుండా పక్కాయనకి అందించాడు. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ చూసింది. మా నాన్న కూడా ఏళ్ల తరబడి అలాగే అందించేవాడు.

ఇంటికి రాగానే అడిగింది. "తాగావా?"

"తాగా. కానీ నాకు తెలీదమ్మా. అవినాష్ కలిపాడు."

"మీ నాన్నా ఇదే చెప్పేవాడు, ఎవడో కలిపాడని."

మోజెస్ వెంటనే అవినాష్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "ఒరేయ్, మా అమ్మకి నిజం చెప్పరా, ప్లీజ్."

అవతల అవినాష్ నీళ్లు నమిలాడు. ఇంతలో వాళ్లమ్మ "ఎవర్రా ఫోన్లో?" అనడం వినిపించింది. అంతే, గొంతు మారిపోయింది.

"నేనసలు తాగనే తాగనాంటీ. వాడే తెచ్చుకుని తాగాడు. వద్దని చెప్పానండి."

"సరే నాయనా" అని అమ్మ ఫోన్ కట్ చేసి, మోజెస్ వంక చూసింది.

"తాగితే తాగావు. ఆ పిల్లాడి మీదకి నెట్టడం కూడా నేర్చుకున్నావా?"